గోధుమ, మైదా, బియ్యప్పిండి ఏదీ లేకుండా పండ్ల మఫిన్లు – ఇంట్లో కుదురుతాయా?

కాకినాడ_కోడలు | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాపకి ఏడేళ్ళు. సంక్రాంతి వెళ్ళాక సీలియాక్ (గోధుమలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పేగుకి పడని జబ్బు) అని తేలింది. రక్తపరీక్ష, ఎండోస్కోపీ రెండూ అయ్యాయి. అప్పట్నుంచి ఇంట్లో గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా అన్నీ బంద్. అన్నం, ఇడ్లీ, పెసరట్టు తింటుంది కాబట్టి పూట గడవడానికి ఇబ్బంది లేదు. చిక్కల్లా కేకుల దగ్గరే.

బియ్యప్పిండితో రెండుసార్లు చేశాను. ఇసుక నమిలినట్టుంది. సరే, అసలు ధాన్యమే లేకుండా చేస్తే ఏకాదశి నాడు మా అత్తగారు కూడా ఒకటి తినొచ్చు, షుగరున్న మావారికీ కాస్త నయం కదా అని కొబ్బరి పిండి తెప్పించాను. కప్పు మైదా పడే చోట కప్పు కొబ్బరి పిండి, రెండు గుడ్లు, రెండు అరటిపళ్ళు, అరకప్పు బెల్లం. పిండి పాలు పోసిన కొద్దీ తాగేస్తోంది. చివరికి మఫిన్ పట్టుకుంటే పొడిపొడి, నోట్లో పెడితే గొంతుకి అడ్డం. పాప ఒకటి మొత్తం తిని "బాగుందమ్మా" అని గ్లాసుడు నీళ్ళు తాగింది. ఆ నీళ్ళు తాగడం చూశాక ఇక్కడ అడగాలనిపించింది.

జల్లెడ | శుక్రవారం రాత్రి 10:25

కొబ్బరి పిండిని మైదా కొలతలో వెయ్యకూడదండి. కొబ్బరి పాలు పిండేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి ఆడించిందే కొబ్బరి పిండి. అంతా పీచే. తడి దొరికితే వదలదు. కప్పు మైదా పడే చోట పావు కప్పు చాలు, ఆ పావు కప్పుకి రెండు గుడ్లు పడతాయి. మీరు నాలుగింతల పిండి వేసి గుడ్లు రెండే వేశారు. తప్పు మీ చేతిది కాదు, కొలతది.

మొదటిసారి చేసేవాళ్ళు కొబ్బరి పిండి జోలికి పోకుండా బాదం పొడితో మొదలుపెట్టడం మేలు. బాదం క్షమిస్తుంది. ఒక గుడ్డు అటూ ఇటూ అయినా, ఐదు నిమిషాలు ఎక్కువ కలిపినా ఏమీ అవదు. మైదా పిండి ఎక్కువ కలిపితే గ్లూటెన్ సాగి మఫిన్ రబ్బరులా అవుతుంది. ఇందులో గ్లూటెనే లేదు కాబట్టి ఆ భయం లేదు. కానీ గాలిని పట్టుకుని నిలబెట్టే వల కూడా లేదు. ఆ పని గుడ్లే చెయ్యాలి. అందుకే గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టి, బాగా గిలకొట్టండి.

రేపు కొలతలతో సహా రాస్తాను. మీ దగ్గర ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉందా, కుక్కరా?

ఓరుగల్లు_పిల్ల | శుక్రవారం రాత్రి 10:50

అక్కా, నేను బాదం పొడితోని పోయిన నెల చేసిన, మంచిగనే వచ్చినయి. ఒక్కటి చెప్త. బాదంని మిక్సీల ఆపకుండ తిప్పకు. నూనె ఊరి ముద్దయితది. రెండు సెకన్లు తిప్పు, ఆపు, గరిటెతో కలుపు, మళ్ళ తిప్పు. నేనైతే బాదం గంటసేపు ఫ్రీజర్ల పెట్టి తీస్త. తర్వాత జల్లెడ పట్టాలె. మీద మిగిలిన పలుకులు మళ్ళ మిక్సీల వెయ్యి.

పొట్టు తీసుడు తీయకపోవుడు నీ ఇష్టం. పొట్టుతోనైతే రంగు నల్లగ వస్తది, రుచి బాగనే ఉంటది. పొట్టు తీస్తె మాత్రం తడి పూర్తిగ ఆరినంకనే మిక్సీ పట్టు.

రామచిలుక | శనివారం ఉదయం 6:15

నాకో సందేహం, ఏమీ అనుకోవద్దు. ఈ మఫిన్ల కోసం ఇంత అవస్థ ఎందుకు? కొబ్బరి లౌజు ఉంది, నువ్వుల ఉండలు ఉన్నాయి, పల్లీ చిక్కీ ఉంది. వీటిలో ఎక్కడా ధాన్యం లేదు. తరతరాలుగా చేసుకుంటున్నవే. పిల్లకి అవి పెట్టొచ్చు కదా.

కాకినాడ_కోడలు | శనివారం ఉదయం 7:30

రామచిలుక గారూ, అనుకోవడానికేముందండీ. లౌజు, ఉండలు అన్నీ చేస్తాను, తింటుంది కూడా. కానీ క్లాసులో నెలకి రెండు మూడు పుట్టినరోజులు వస్తాయి. అందరికీ కాగితం గిన్నెలో కప్‌కేక్ ఇస్తారు. మా పాప తన డబ్బా తెరుచుకుని ఉండ తింటుంది. టీచర్ మంచావిడ, పక్కనే కూర్చుంటారు. ఒకరోజు ఇంటికొచ్చి, "అమ్మా, వాళ్ళది కాగితం ఒలిచి తింటారు, నాది ఒలవడానికి ఏమీ లేదు" అంది. దానికి కేకు మీద కన్నా ఆ కాగితం ఒలవడం మీద ఉంది మనసు. అందుకే మఫిన్.

జల్లెడ గారూ, ఓటీజీ ఉంది, 28 లీటర్లది.

రామచిలుక | శనివారం ఉదయం 7:45

అర్థమైందమ్మా. అడిగినందుకు మన్నించు. ఎవరైనా మంచి కొలత రాస్తే మా మనవడికి నేనూ చేస్తాను.

జల్లెడ | శనివారం ఉదయం 11:10

ఇదిగోండి. నేను నాలుగేళ్ళుగా చేస్తున్న కొలత, పది మఫిన్లకి:

బాదం పొడి 200 గ్రాములు (సుమారు రెండు కప్పులు). బాగా మగ్గిన అరటిపళ్ళ గుజ్జు 200 గ్రాములు. గుడ్లు 3. కరిగించి చల్లార్చిన నెయ్యి 50 గ్రాములు. బెల్లం తురుము 60 గ్రాములు. వంటసోడా అర టీస్పూను. నిమ్మరసం ఒక టేబుల్ స్పూను. చిటికెడు ఉప్పు, నాలుగు ఏలకులు.

ఓటీజీని 170 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడెక్కించండి. గుడ్లు, బెల్లం బాగా నురగొచ్చేదాకా గిలకొట్టి, నెయ్యి, అరటి గుజ్జు కలపండి. బాదం పొడి, ఉప్పు, సోడా, ఏలకుల పొడి విడిగా కలిపి అందులో వెయ్యండి. నిమ్మరసం అన్నిటికన్నా చివర. అది పడగానే పిండి కొంచెం పొంగుతుంది. ఇక ఆలస్యం చెయ్యకుండా కాగితం గిన్నెల్లో ముప్పావు వంతు నింపి లోపల పెట్టెయ్యండి. 22 నుంచి 25 నిమిషాలు.

మైదా కేకుల్లా 190 పెట్టకండి. బాదంలో నూనె, అరటిపండులో తీపి, రెండూ తొందరగా మాడతాయి. పైన నల్లబడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. 15 నిమిషాలకే రంగు వచ్చేస్తే పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. ఒకటి రెండు తేమ రవ్వలు అంటితే పర్వాలేదు.

ఇంకో మాట. బజారు బేకింగ్ పౌడర్ వెనక పదార్థాల పట్టీ చదవండి. చాలావాటిలో మొక్కజొన్న పిండి కలుపుతారు. పాపకి దానితో ప్రమాదం లేదు, మొక్కజొన్నలో గ్లూటెన్ ఉండదు. కానీ మొక్కజొన్న ధాన్యమే కదా, ఏకాదశికి అత్తగారికి పనికిరాదు. అందుకే నేను సోడా, నిమ్మరసం రాశాను. క్రీమ్ ఆఫ్ టార్టార్ (కేకుల్లో వాడే పుల్లటి పొడి) దొరికితే ఒక వంతు సోడాకి రెండు వంతులు అది కలిపితే అదే బేకింగ్ పౌడర్.

డాలస్_సుధ | శనివారం రాత్రి 8:05

జల్లెడ గారి కొలతే ఇక్కడ నేను బ్లూబెర్రీలతో చేస్తాను. మాకు బాదం పిండి పెద్ద సంచుల్లో దొరుకుతుంది. ప్రపంచంలో పండే బాదంలో సింహభాగం కాలిఫోర్నియాదే కాబట్టి ఇక్కడ దానికి కరువు లేదు. కొనేటప్పుడు ఒక తేడా చూసుకోండి. పొట్టు తీసి మెత్తగా ఆడించినది వేరు, పొట్టుతో ముతకగా ఉన్నది వేరు. ముతకదానితో చేస్తే మఫిన్ విరిగిపోతుంది.

పండ్ల ముక్కలు అడుక్కి దిగిపోతున్నాయని చాలామంది అంటారు. గిన్నె అడుగున ఒక చెంచా ఉత్త పిండి వేసి, మిగతా పిండిలో సగం పళ్ళే కలిపి, తక్కిన సగం పైన అద్దండి. దిగవు.

పోషకాహారం_పద్మ | ఆదివారం ఉదయం 9:20

నేను డైటీషియన్‌ని. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీసి చెప్తాను.

పాప సంగతి: సీలియాక్‌లో మానాల్సింది గ్లూటెన్. అంటే గోధుమ, బార్లీ, రై, వాటితో చేసినవి. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర నిక్షేపంగా తినొచ్చు. ధాన్యమంతా మాన్పించకండి, ఎదిగే పిల్ల. మఫిన్ ధాన్యం లేనిదైతే మంచిదే, కానీ భోజనం అలా ఉండక్కర్లేదు. ఇక అసలు జాగ్రత్త పిండి మర దగ్గర. గోధుమలు ఆడిన మరలో బాదమో జొన్నలో ఆడిస్తే ఆ అంటుకున్న పిండి చాలు, పేగుకి మళ్ళీ దెబ్బ. ఇంట్లో మిక్సీయే వాడండి. జల్లెడ కొత్తది కొనండి, పాత జల్లెడ కన్నాల్లోంచి మైదా పోదు. ప్యాకెట్ కొంటే గ్లూటెన్ లేదన్న మాట రాసి ఉన్నదే కొనండి. మన దేశంలో ఆ మాట రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఇంగువ కూడా చూసుకోండి, చాలా డబ్బా ఇంగువల్లో గోధుమపిండి కలుస్తుంది. చారులో ఇంగువ వల్ల నెలల తరబడి తగ్గని పిల్లల్ని చూశాను.

మీ వారి సంగతి: ధాన్యం లేదు కాబట్టి షుగరుకి మంచిది అనుకోవద్దు. బాదం మంచిదే. కానీ మగ్గిన అరటిపండు, బెల్లం రెండూ రక్తంలో చక్కెరని పెంచేవే. బెల్లమైనా పంచదారైనా షుగరున్నవాళ్ళకి పెద్ద తేడా లేదు. జల్లెడ గారి కొలతలో ఒక్కో మఫిన్ 220 కేలరీల దాకా వస్తుంది. ఆయనకి ఒకటి, అదీ టిఫిన్ బదులు. టిఫిన్ తిన్నాక కాదు.

ఓరుగల్లు_పిల్ల | ఆదివారం ఉదయం 9:50

ఇంగువ ముచ్చట నాకు ఇయ్యాలనే ఎరుక. మా చెల్లెకు చెప్పాలె. మస్తు థాంక్స్ పద్మక్కా.

బుడ్డల_చేను | ఆదివారం మధ్యాహ్నం 1:15

బాదం అందరూ కొనలేరు. మాది అనంతపురం జిల్లా, మాకు బుడ్డలే (పల్లీలే) బాదం. ధర చూస్తే బాదం బుడ్డలకు ఐదారింతలు. నేను చేసేది చెప్తా.

బుడ్డలు సన్న సెగన దోరగా వేయించి, పొట్టు చెరిగి, పూర్తిగా చల్లారినాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాల. వేడి మీద తిప్పితే ముద్దే. 200 గ్రాముల బాదం బదులు 180 గ్రాముల బుడ్డల పొడి, రెండు చెంచాల కొబ్బరి పొడి వేస్తా. నెయ్యి 50 గ్రాములకు బదులు 30 చాలు, బుడ్డల్లోనే నూనె ఉంది. మిగతాదంతా జల్లెడక్క చెప్పినట్లే. వాసన మా ఊరి జాతరలో అమ్మే బుడ్డల ముద్ద లెక్కన ఉంటుంది. మా పిల్లోళ్ళు బాదందానికన్నా ఇదే అడుగుతారు.

ఒక్కటే హెచ్చరిక. బడికి పంపేటప్పుడు ఆ క్లాసులో ఎవరికైనా బుడ్డలు పడవేమో టీచరుని అడిగి పంపండి.

తాటితోపు_పెద్దమ్మ | ఆదివారం సాయంత్రం 5:40

పిల్లలూ, నేను చదువుతూనే ఉన్నాను. నాకు ఓవెన్ లేదు. గట్టి అల్యూమినియం కుక్కరులో చేస్తాను. అడుగున రెండు గుప్పెళ్ళ కల్లుప్పు పరిచి, పైన స్టాండు పెట్టి, గాస్కెట్టు, విజిలు రెండూ తీసేసి, మూత పెట్టి పది నిమిషాలు కాలనిచ్చి, అప్పుడు గిన్నెలు దించుతాను. సన్నసెగ మీద అరగంట పైన పడుతుంది. నీళ్ళు చుక్క కూడా పొయ్యకూడదు.

మా గోదారి జిల్లాల్లో శ్రావణ భాద్రపదాల్లో తాటిపండు గుజ్జుతో రొట్టె వేస్తాం. దానికి వరినూక పడుతుంది కాబట్టి మీకు కుదరదు. కానీ తేగల పిండి అని ఒకటుంది. ఉడకబెట్టిన తేగలు చీల్చి ఎండేసి దంచింది. ధాన్యం కాదు, తాటి మొలక. జల్లెడమ్మ కొలతలో 200 గ్రాముల బాదంలో 50 గ్రాములు తీసేసి ఈ పిండి వేసి చూశాను. కొంచెం చిరుచేదు వచ్చింది, తాటిబెల్లం వేస్తే ఆ చేదు కమ్మగా మారింది. పండగకి తేగలొచ్చినప్పుడు గుర్తుపెట్టుకోండి.

కాకినాడ_కోడలు | మంగళవారం రాత్రి 9:05

చేశాను. అచ్చంగా జల్లెడ గారి కొలత. తెల్ల చక్కరకేళి నాలుగు రోజులు మగ్గేశాను, తొక్క మొత్తం నల్లబడి లోపల తేనెలా అయింది. నిమ్మరసం పడగానే పిండి సన్నగా బుసబుసమంది, పాప గిన్నె దగ్గర చెవి పెట్టి వింది. 24 నిమిషాలు.

తియ్యగానే ఒకటి ఒలవబోతే కాగితానికి సగం అంటుకుపోయింది, కంగారు పడ్డాను. పది నిమిషాలు ఆగి ఇంకోటి తీస్తే ముడతలన్నీ విడివిడిగా, శుభ్రంగా ఒలిచింది. లోపల తడిగా, మెత్తగా, చిన్న చిన్న కన్నాలతో ఉంది. పాప ఒలిచిన కాగితాన్ని మడత విప్పి, నిమిరి, పుస్తకంలో పెట్టుకుంది. నీళ్ళు అడగలేదు.

జల్లెడ | మంగళవారం రాత్రి 9:30

నీళ్ళు అడగలేదన్న మాట చదివి కళ్ళు చెమర్చాయండీ. వేడి మీద బాదం మఫిన్ ఇంకా గట్టిపడదు, అందుకే అంటుకుంటుంది. మీరన్నట్టు పది నిమిషాలు అచ్చులో, తర్వాత జాలీ మీద. అచ్చులోనే వదిలేస్తే అడుగు చెమర్చి కాగితం తడిసిపోతుంది. మన ఊళ్ళ వేడికి బయట ఒక్కరోజే. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. ఒక్కోటి చుట్టి ఫ్రీజర్లో పెడితే బడి పుట్టినరోజులకి అప్పటికప్పుడు తీసి పంపొచ్చు.

డాలస్_సుధ | బుధవారం ఉదయం 7:10

ఫ్రీజర్ మాట బంగారం. మా అబ్బాయి టీచర్ దగ్గర స్కూలు ఫ్రీజర్లో ఎప్పుడూ నాలుగు ఉంచుతాను. ఎవరి పుట్టినరోజైనా వాడికీ ఒకటి ఉంటుంది.

మామిడితోట_మూర్తి | బుధవారం ఉదయం 10:30

అరటిపండు తప్ప వేరే పండు లేదా అని మా ఆవిడ అడుగుతోంది. మామిడి, సీతాఫలం, సపోటా వీటిలో ఏది కుదురుతుంది?

జల్లెడ | బుధవారం మధ్యాహ్నం 2:00

మామిడికి బంగినపల్లి. రసాల్లో పీచు, నీళ్ళు ఎక్కువ. గుజ్జుని మందపాటి గిన్నెలో పది నిమిషాలు దగ్గరికి ఉడికించి, చల్లార్చి వెయ్యండి. లేకపోతే నడుమ కుంగుతుంది. సపోటా చక్కగా కుదురుతుంది, బెల్లం సగానికి తగ్గించొచ్చు. యాపిల్ అయితే తురిమి, గట్టిగా పిండేసి ఆ తురుము వెయ్యండి, రసం మీరు తాగెయ్యండి. అనాస ముక్కలు బాణలిలో కాసేపు వేయించి తడి ఆర్చి వేస్తే పులుపు, తీపి బాగుంటాయి.

సీతాఫలం మాత్రం వద్దు. పాలమూరు కాయలు కిలోలకొద్దీ గింజలు తీసి, మధ్యాహ్నమంతా కూర్చుని గుజ్జు చేసి ఒకసారి కాల్చాను. వేడి తగిలితే ఆ గుజ్జు గులాబీ రంగుకి తిరిగి చేదెక్కుతుంది. ఒక్కటి కూడా తినలేకపోయాం. సీతాఫలం చల్లగానే తినాలి. చల్లారిన మఫిన్ పక్కన పచ్చి గుజ్జు పెట్టుకోండి, అంతే.

గింజల_గిరిజ | బుధవారం రాత్రి 8:45

మా బాబుకి బాదం, పల్లీ రెండూ పడవు. పొద్దుతిరుగుడు పప్పు ఆడించి ఇదే కొలతలో చేశాను. దింపినప్పుడు బంగారంలా ఉన్నాయి. మర్నాడు పొద్దున కోసి చూస్తే లోపల పాచి పట్టినట్టు పచ్చగా ఉంది! బూజనుకుని అన్నీ పారేశాను. ఎందుకలా అయింది?

జల్లెడ | బుధవారం రాత్రి 9:15

అయ్యో, పారేశారా. అది బూజు కాదండీ. పొద్దుతిరుగుడు పప్పులో క్లోరోజెనిక్ ఆమ్లం అని ఉంటుంది. సోడా క్షారం తగిలితే అది నెమ్మదిగా ఆకుపచ్చకి తిరుగుతుంది. తింటే ఏమీ కాదు. సోడా పావు టీస్పూనుకి తగ్గించి నిమ్మరసం ఇంకో చెంచా పెంచండి, చాలావరకు ఆగుతుంది. గుమ్మడి గింజల పప్పు అయితే ఎలాగూ పచ్చదే, పిల్లలకి ముందే చెప్పి పెట్టొచ్చు.

కాకినాడ_కోడలు | గురువారం ఉదయం 6:50

ఇక మిగిలింది మా అత్తగారు. వచ్చే ఏకాదశికి గుడ్లు లేకుండా ఏదైనా దారి చెప్పండి. ఆవిడ ఆ రోజు పప్పుధాన్యాలు కూడా ముట్టరు, కాబట్టి శనగపిండి, పల్లీ వద్దు. మొన్న మఫిన్లు చేసిన రోజు పాప ఒకటి తీసుకెళ్ళి "నానమ్మా, తిను" అంటే, గుడ్డు ఉందని తెలిసి చేతిలో పట్టుకుని వాసన చూసి, దాని తల నిమిరి తిరిగి ఇచ్చేశారు.

తాటితోపు_పెద్దమ్మ | గురువారం ఉదయం 8:20

దానికి ఓవెనెందుకమ్మా, గుంత పొంగనాల పెనం ఉంది కదా. గుడ్డు లేని పిండి పెద్ద అచ్చులో నిలబడదు, నడుమ ముద్దగా ఉండిపోతుంది. చిన్న గుంటల్లో అయితే లోపలిదాకా ఉడుకుతుంది.

ఉత్తరాది వాళ్ళు ఉపవాసానికి వాడే రాజ్‌గిరా పిండి తెచ్చుకో. అది తోటకూర జాతి గింజ, ధాన్యం కాదు. హైదరాబాదులో బేగంబజారులో దొరుకుతుంది, మీ ఊళ్ళో పెద్ద కొట్లో అడుగు. అది 100 గ్రాములు, బాదం పొడి 100 గ్రాములు, సగ్గుబియ్యం పొడి రెండు చెంచాలు, అరటి గుజ్జు 200, కమ్మటి పెరుగు 100, బెల్లం 60, నెయ్యి రెండు చెంచాలు, సోడా పావు టీస్పూను. అవిసెగింజల పొడి ఒక చెంచా, మూడు చెంచాల నీళ్ళలో పావుగంట నానబెట్టి జిగురయ్యాక కలుపు. గుంటకి పావు చెంచా నెయ్యి వేసి, పిండి ముప్పావు నింపి, మూత పెట్టి సన్నసెగన ఏడు నిమిషాలు. తిప్పి ఇంకో మూడు.

పిండి ప్యాకెట్ మీద గ్లూటెన్ మాట చూసుకునే తీసుకో, పాప కూడా తింటుంది కదా. సోడా, అవిసెలు ఆవిడకి సమ్మతమేనా అని ముందే అడుగు. ఒక్కో ఇంటి పట్టింపు ఒక్కోలా ఉంటుంది.

పోషకాహారం_పద్మ | గురువారం ఉదయం 9:00

పెద్దమ్మ గారి జాగ్రత్త సరైనది. రాజ్‌గిరాలో సహజంగా గ్లూటెన్ లేదు, కానీ విడిగా గోనెసంచుల్లోంచి కొలిచి అమ్మేది పాపకి పెట్టకండి. పక్క సంచిలో గోధుమపిండి ఉంటుంది.

కాకినాడ_కోడలు | ద్వాదశి నాడు రాత్రి 8:30

నిన్న ఏకాదశి. అత్తగారు అవిసెలు సరే అన్నారు, సోడా వద్దన్నారు. సోడా లేకుండానే వేశాను. పొంగు తక్కువ, కానీ అంచులు నేతిలో కరకరలాడాయి, లోపల హల్వాకీ కేకుకీ మధ్యలో ఉంది. మొదటి వాయి రెండు అడుగంటాయి, రాజ్‌గిరా ఎక్కువ సెగకి తట్టుకోదు. తర్వాత మంట బాగా తగ్గించాను.

ఒక్కో పొంగనాన్ని చిన్న కాగితం గిన్నెలో పెట్టి పాపే నానమ్మకి తీసుకెళ్ళింది. "నానమ్మా, ఇలా ఒలవాలి" అని దగ్గర కూర్చుని నేర్పింది. ఆవిడ మూడు తిన్నారు. ద్వాదశి పారణ అయ్యాక ఇవాళ పొద్దున వంటింట్లోకి వచ్చి, ఆ పెనం ఎత్తి పైన పెట్టకు, కిందే ఉండనీ అన్నారు.